కంటిపాపలు పెట్టని మౌస్

చదివేవారికి ముందుగా ఒక మనవి. నేను నలభై ఐదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ ఒకదాని బదులు ఒకటి పడతాయి. దీర్ఘం ఎక్కడ తియ్యాలో తెలియక కలం పట్టుకుని ఆగిపోతాను. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. మాకు చదువు చెప్పిన ఉష టీచరుగారు తప్పులు దిద్దారు గాని మాటలు మార్చనన్నారు. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే అవి నావే, క్షమించండి. నెమ్మదిగా రాశాను, మీరు నెమ్మదిగా చదవనక్కర్లేదు.

మా ఆయన పేరు నాగులు. మాది బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. మావాళ్ళందరిదీ చేపల పనే. ఆయన మాత్రం వల కంటే కుంచె ఎక్కువ పట్టేవాడు. వాళ్ళ నాన్న పడవలకు రంగులు వేసి పేర్లు రాసేవాడు. ఆ పనే ఆయనకూ వచ్చింది. ఊళ్ళో ఉన్న పడవలు ఎన్ని, ఏడాదికి ఎన్నిసార్లు రంగు వేస్తారు? అందుకని పెళ్ళైన రెండో ఏడు మేం బెజవాడ వచ్చేశాం. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు పక్కన ఆయన రేకుల పంచ ఒకటి వేసుకున్నాడు. నేను పటమట మార్కెట్లో చేపలమ్మేదాన్ని. కూతురు పుట్టింది. దానికి మా అత్త పేరే, నాంచారమ్మ అని పెట్టుకున్నాం. పెళ్ళి చేసుకుని ఇప్పుడు మైలవరంలో ఉంది.

ఆయన లారీలకు నెమళ్ళు, కమలాలు, కొండల మధ్య సూర్యుడు, అన్నీ వేసేవాడు. అన్నిటికంటే పేరు తెచ్చినవి కళ్ళు. లారీ ముందు అద్దం కింద రెండు కళ్ళు. రెప్పలు, తెల్లగుడ్డు, గోధుమరంగు గుండ్రం అన్నీ వేసి మధ్యలో నల్లపాప మాత్రం పెట్టేవాడు కాదు. అలాగే ఖాళీగా వదిలేసేవాడు. లారీ పూర్తయి, డ్రైవరు ఎక్కి, ఇంజను స్టార్టు చేశాక, అప్పుడు ఓనరు ఇంటి ఆడమనిషిని పిలిచేవాడు. అగ్గిపుల్ల మందులేని కొసను నల్లరంగులో ముంచి ఆవిడ చేతికిచ్చేవాడు. ఆవిడ రెండు చుక్కలు పెడితే లారీ కదిలేది.

"ఆగున్న బండికి చూపెందుకు?" అనేవాడు. "కదిలేటప్పుడే కన్ను తెరవాల."

పెళ్ళికాని ఓనరు అయితే నాకు కబురొచ్చేది. చేపల గంప పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, నేను వెళ్ళి పెట్టేదాన్ని. ఎన్ని లారీలకు పెట్టానో నాకు లెక్క లేదు. మొదటిసారి అగ్గిపుల్ల పట్టుకుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"నడిమధ్యన పెట్టవే. మధ్యలో పెడితే బండి రోడ్డు చూసుద్ది. పక్కకి పెట్టావనుకో, ఎవరినో వెతుక్కుంటా పోద్ది."

ఆ తర్వాత రేడియం స్టిక్కర్లు వచ్చాయి. రాత్రిపూట వెలుగు పడితే మెరిసే కాగితం అది. కంప్యూటర్లో బొమ్మ గీసి మీట నొక్కితే మిషను దాన్ని కత్తిరించి పారేస్తుంది. ఆయన నాలుగు రోజులు వేసే నెమలి అక్కడ అరగంటలో తయారు. మా వీధిలోనే హేమసుందర్ అనే ముప్పై ఏళ్ళ మనిషి షాపు పెట్టాడు. మా కులం వాడే, గిలకలదిండి నుంచి వచ్చాడు. రెండు వేల రెండు ఎండాకాలానికి మా ఆయన పంచ కింద రంగు డబ్బాలు మూతలు బిగుసుకుపోయి ఉన్నాయి.

హేమసుందర్ మంచివాడు. తన వల్ల ఆయన పని పోయిందని అతనికి తెలుసు. ఒకరోజు వచ్చి చెప్పాడు.

"బాబాయ్, నాకు బొమ్మ గీసేవాళ్ళు లేరు. మిషను కొయ్యగలదు గాని గియ్యలేదు. నువ్వు మౌస్ పట్టడం నేర్చుకుంటే చాలు, నా దగ్గరకొచ్చెయ్."

ఆ మాట ఆయన పట్టుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చెక్కపలక, పలక మీద మడతపెట్టిన ఆకుపచ్చ తువ్వాలు. తువ్వాలు మీద పసుపెక్కిపోయిన కంప్యూటర్ మౌస్ ఒకటి. దాని వైరు నేల మీద పాములాగా పడి ఉంది. ఆయన కళ్ళు మూసుకుని దాన్ని అటూ ఇటూ జరుపుతున్నాడు.

"ఏంటయ్యా అది?"

"మౌస్. శౌరయ్య దగ్గర తెచ్చా. సెకండ్ హ్యాండు." శౌరయ్య గారిది పాత కంప్యూటర్ సామాన్ల కొట్టు.

"మరి కంప్యూటరేది?"

"అది షాపులో ఉంటది గదా. ముందు చెయ్యి అలవాటవ్వాల."

నేను నవ్వాను. గంప దించకుండా నిలబడే నవ్వాను. "ఆ వైరు గోడలో మేకుకైనా తగిలించవయ్యా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు!"

"నవ్వుకోనీ," అన్నాడు ఆయన. "మా నాన్న నాకు కుంచె ఇచ్చి రంగివ్వలా. ఏడాదిపాటు నీళ్ళతోనే గీయించాడు పడవ మీద. గీసిన గీత ఎండలో అప్పుడే ఆరిపోయేది. చేతికొచ్చాకే రంగు ముట్టుకోనిచ్చాడు. ఇదీ అంతే."

ఆయనకు పని నేర్చుకోవడం అంటే తెలిసిన పద్ధతి అదొక్కటే. కంప్యూటర్ లేకుండా మౌస్ నేర్చుకోలేరని ఆయనకు ఎవరూ చెప్పలేదని అప్పుడు అనుకున్నాను. చెప్పేంత తెలివి నాకూ లేదు. రోజూ మధ్యాహ్నం నేను వచ్చేసరికి అదే పని. చెయ్యి పైకి పోయేది, వంగేది, చిన్న సున్నా చుట్టేది, కిందికి జారి మళ్ళీ పైకి వచ్చేది. నెమలి మెడ అయ్యుంటుందని నేను అనుకునేదాన్ని. అడగలేదు. అన్నం పెట్టి పడుకునేదాన్ని.

ఒక నెల అయ్యాక ఆయన ఆ మౌస్‌కు రంగు వెయ్యడం మొదలుపెట్టాడు. సబ్బునీళ్ళతో తుడిచి నీడన ఆరబెట్టాడు. ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దాడు. లారీకి వేసే ఎర్ర ఎనామిల్‌నే పలచగా, పొర మీద పొర, మధ్యలో రెండేసి రోజులు ఆరనిచ్చి వేశాడు. రెండు మీటల మీద రెండు కళ్ళు గీశాడు. నా బొటనవేలి గోరంత కళ్ళు. రెప్పవెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. లారీ మీద మూరెడు కన్ను గీసిన చెయ్యి అంత చిన్న కన్ను ఎలా గీసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పాపలు మాత్రం పెట్టలేదు.

"హేమసుందర్ సోమవారం రమ్మన్నాడు," అన్నాడు. "షాపులో దీన్ని తగిలించి, అది నడవగానే నిన్ను పిలుస్తా. పాపలు నువ్వే పెట్టాల."

ఆ రోజు నాకు మార్కెట్లో చేపలు మిగిలిపోయాయి. మంచు కరిగిపోయి రొయ్యలు వాసన పట్టాయి. ఆ చిరాకులో అనేశాను.

"దేనికీ తగిలించని దానికి కళ్ళొకటే తక్కువైంది."

ఆయన మౌస్‌ను ఆకుపచ్చ తువ్వాల్లో చుట్టి కుంచెల పెట్టెలో పెట్టాడు. ఆయనకు అప్పటికే దగ్గు ఉంది. పక్క షెడ్డులో కొట్టే స్ప్రే రంగు ఇరవై ఏళ్ళు పీల్చిన ఊపిరితిత్తులు. ఆ ఆదివారం ఆయాసం ఎక్కువై పెద్దాసుపత్రిలో చేర్చాం. సోమవారం షాపుకు పోలేదు. ఆ పై సోమవారం కూడా పోలేదు. సంక్రాంతి లోపే నేను బొట్టు తీసేసిన మనిషినయ్యాను.

మార్కెట్లో గంప దించి ఎక్కించడానికి నడుము సహకరించక, తర్వాతి ఏడు నేనే హేమసుందర్ షాపులో పనికి చేరాను. మిషను స్టిక్కరును గాట్లు పెట్టి వదిలేస్తుంది. అక్షరం చుట్టూ ఉన్న పనికిరాని కాగితాన్ని చేత్తో పీకెయ్యాలి. చేపముళ్ళు తీసిన వేళ్ళు కాబట్టి పీకడం నాకు సులువుగా వచ్చింది. మొదటి వారంలోనే ఒక లారీ పేరులోని తలకట్లన్నీ కూడా పీకి పారేశాను. చిన్న చిన్న ముక్కలు, అవీ చెత్తే అనుకున్నాను.

"పిన్నీ! దుర్గమ్మ తల్లి తలకాయలన్నీ తీసేశావ్!" అని హేమసుందర్ తల పట్టుకున్నాడు. ఆ సిగ్గుతోనే మధ్యాహ్నాలు ఉష టీచరుగారి ఆడవాళ్ళ బడికి పోయాను. ఏది అక్షరమో ఏది చెత్తో తెలిశాకే నా పని చక్కబడింది.

అక్షరాలు వచ్చాక రోడ్డు మీద లారీలను చూసే పద్ధతి మారింది. ఆయన వేసిన బండి ఏదైనా కనిపిస్తుందేమోనని చూసేదాన్ని. ఏలూరు రోడ్డు మీద, బెంజి సర్కిల్ దగ్గర, ముందు కళ్ళు చూసి, తర్వాత వెనక చెక్క మూలన ఆయన పేరు కోసం వెతికేదాన్ని. రెండుసార్లు కనిపించింది. ఒకటి ఆగలేదు. రెండోదాని మీద కళ్ళు చెరిపి రేడియం అంటించారు. ఏడాదికేడాది తగ్గిపోయాయి. ఊరంతా తిరిగిన ఆయన పనిలో నా ఇంట్లో మిగిలింది ఆ మౌస్ ఒక్కటే. పాపలు లేని రెండు కళ్ళు. పెట్టె తీసినప్పుడల్లా తువ్వాలు విప్పేదాన్ని, మళ్ళీ చుట్టేసేదాన్ని. పెట్టాలంటే అది నడవాలి. ఆయన మాట అది. నడవని దానికి పెట్టి ఆయన్ను రెండోసారి ఎగతాళి చెయ్యదలచుకోలేదు.

రెండు వేల ఎనిమిదిలో ఒక మంగళవారం హేమసుందర్ చెప్పాడు. "పిన్నీ, శనివారం ఈ పాత కంప్యూటర్ ఇచ్చేసి కొత్తది తెస్తున్నా. ఆ మూల గుడ్డలన్నీ సర్దు."

"కొత్తదానికి పాత మౌస్ పడుద్దా బాబూ?"

"ఏ మౌస్?"

మర్నాడు తీసుకెళ్ళి చూపించాను. అతను దాన్ని చేతిలో తిప్పి వైరు చివర ఉన్న వెడల్పాటి ప్లగ్గు చూశాడు. రెండు పక్కలా మరలున్నది.

"ఈ ప్లగ్గు పట్టే చోటు పాతదానికే ఉంది పిన్నీ. కొత్తదానికి ఇలాంటి చోటు ఉండదు. ఇప్పుడు ఎవరూ వాడట్లా."

"అయితే శనివారం లోపు ఒక్కసారి తగిలించనిస్తావా?"

"ఇప్పుడే తగిలిద్దాం రా."

తగిలించాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాడు. తెర మీద బాణం గుర్తు కదల్లేదు. వైరు మధ్యలో ఒకచోట చర్మం ఊడి రాగి కనిపిస్తోంది. ఆడించి చూశాడు, లాభం లేదు.

"శౌరయ్య గారి దగ్గరికి తీసుకెళ్ళు," అన్నాడు. "శనివారం పొద్దున దాకా టైముంది."

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. రాయకుండా దాటెయ్యాలని రెండు రోజులు చూశాను.

శౌరయ్య గారి దగ్గరికి మురికిగా తీసుకెళ్ళడం ఇష్టం లేక బుధవారం సాయంత్రం దాన్ని శుభ్రం చేద్దామనుకున్నాను. ఐదేళ్ళలో పెట్టెలోని నూనె, దుమ్ము చేరి జిడ్డు పట్టింది. లారీ రేకు మీద జిడ్డు ఉంటే ఆయన ఏం చేసేవాడో నేను ఇరవై ఏళ్ళు చూశాను. రంగులో కలిపే థిన్నర్ గుడ్డకు అద్ది ఒక్క తుడుపు తుడిస్తే అద్దంలా అయ్యేది. నేనూ అదే చేశాను. పక్క షెడ్డులో అడిగి గిన్నెలో కాస్త థిన్నర్ తెచ్చుకున్నాను. ఎడమవైపు నుంచి ఒక్క తుడుపు తుడిచాను.

గుడ్డకు ఎర్రరంగు వచ్చింది. తెలుపు వచ్చింది. నేను ఆగేసరికి ఎడమ కన్ను లేదు. అడుగున ఉన్న ప్లాస్టిక్ కూడా మెత్తబడి నా వేలి గుర్తు పడింది. రేకు థిన్నర్‌కు ఓర్చుకుంటుంది, ప్లాస్టిక్ ఓర్చుకోదు. ఆయనకు ఆ సంగతి తెలుసు. అందుకే ఆ రోజు సబ్బునీళ్ళతో కడిగి నీడన పెట్టాడు. బద్ధకించి థిన్నర్ వాడలేదని నేనప్పుడు మనసులో అనుకున్నాను.

ఆ గుడ్డ పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆయన కన్ను గుడ్డకంటుకుని ఉంది. ఎర్రటి మరక, అందులో ఒక తెల్లచార. ఆయన పోయిన రోజున వచ్చినవాళ్ళను పలకరించే పనిలో సరిగా ఏడవలేదు. ఆ ఏడుపు బుధవారం వచ్చింది.

గురువారం పొద్దున శౌరయ్య గారి కొట్టుకు వెళ్ళాను. ఆయనకు అరవై దాటాయి. కొట్టు నిండా పాత మానిటర్లు, మధ్యలో శిలువ బొమ్మ, దాని కింద ఆయన.

"ఇది నాగులుకి నేనిచ్చిందే గదా చెల్లెమ్మా," అన్నాడు చూడగానే. "కంప్యూటర్ లేకుండా మౌసెందుకురా అంటే, ప్రాక్టీసు అన్నాడు. తాళం లేని బండికి స్టీరింగు తిప్పినట్టుంది నీ యవ్వారం అన్నాను. వినలా." మాట ఆపి నా ముఖం చూశాడు. "ఈ కన్నేమైంది?"

"నేనే చేశాను అన్నయ్యగారూ."

మళ్ళీ అడగలేదు. వైరు చూసి మాత్రం నవ్వాడు. "చూడు, దీన్ని ఎలకే కొరికింది. సొంత కులమని కూడా చూడలేదు." పాడైన ముక్క కోసేసి, రంగు రంగుల సన్న తీగలను ఒకదానికొకటి అతికాడు. తర్వాత మౌస్ తిరగేసి అడుగున ఉన్న గుండ్రటి మూత తిప్పాడు. లోపలి నుంచి రబ్బరు గుండు ఒకటి అరచేతిలో పడింది. రేగుపండంత ఉంది, బరువుగా. ఆ గుండు దొర్లితే లోపల రెండు చిన్న ఇరుసులు తిరుగుతాయని, అవి తిరిగితేనే తెర మీద బాణం కదులుతుందని చెప్పాడు.

"ఇదిగో, దీనికి అసలు జబ్బు ఇదీ."

ఇరుసులు కనిపించలేదు. వాటి చుట్టూ నూలు చుట్టుకుని గట్టిపడి ఉంది. ఆకుపచ్చ నూలు. నేను చూడగానే గుర్తుపట్టాను. నెల రోజులపాటు మా ఆయన తువ్వాలు మీద జరిపిన జరుపుడంతా, ఒక్కో పోగూ లాక్కుని, అక్కడ చుట్టుకుంది. ఆయన చెయ్యి వెళ్ళిన దారి అంతా లోపల నూలు కండెలా చుట్టి ఉంది.

శౌరయ్య గారు చిన్న చాకు తీశాడు.

"ఉండండి," అన్నాను.

"ఇది తియ్యకపోతే తిరగదమ్మా."

కన్ను ఒకటి నా చేత్తోనే పోయింది. ఇదీ పోతే ఇక ఏముంది? అలాగే మూత పెట్టేసి ఇంటికి తీసుకుపోతే నూలు ఉంటుంది, మౌస్ నడవదు, పాపలు ఉండవు. ఆయన ఆ నెల్లాళ్ళూ చేసింది నూలు చుట్టడానికి కాదు. దాన్ని నడపడానికి.

"నేను తీస్తాను. పిన్నీసు ఇవ్వండి."

మెత్తటి చేపకు పొలుసు తీసినట్టు, తోలు తెగకుండా, ఇరుసును గీరకుండా తీశాను. ఉంగరాల్లాగా రెండు చుట్లు చెక్కు చెదరకుండా వచ్చాయి. కాగితంలో పెట్టుకున్నాను. ఇరుసులు తళతళలాడాయి. గుండును సబ్బుతో కడిగి ఆరబెట్టి లోపల వేశాడు శౌరయ్య గారు. తన కంప్యూటర్‌కు తగిలించి చూపించబోతే వద్దన్నాను.

"మొదటిసారి హేమసుందర్ షాపులోనే తగిలించాలండి."

"ఆ షాపులోది నా కంప్యూటర్ కంటే ఏమైనా గొప్పదా?" అని విసుక్కున్నాడు గాని, మూత బిగించి ఇచ్చాడు. "పని చేస్తదిలే. నా మాట."

మిగిలింది కన్ను. ఆయన కుంచెలన్నిటికీ వాడాక ఆముదం రాసి పెట్టేవాడు, వెంట్రుకలు బిరుసెక్కకుండా. అన్నిటికంటే సన్నది తీసి కిరసనాయిలులో నానబెట్టాను. ఎర్రడబ్బా అడుగున పొర కట్టిన రంగు కింద ఇంకా కాస్త మెత్తగా ఉంది. ఉప్పుకాగితంతో నా వేలి గుర్తు రుద్ది, సబ్బుతో కడిగి, నీడన పెట్టాను. రెండేసి రోజులు ఆగడానికి టైము లేదు. గురువారం సాయంత్రం ఒక పొర, శుక్రవారం తెల్లారి ఒక పొర.

తొందరలో రంగు ఎక్కువైంది. రెండు మీటల మధ్య ఉన్న సందులోకి కారి ఆరిపోయింది. ఎడమ మీట నొక్కితే దిగలేదు. తల వెంట్రుక ఒకటి పీకి ఆ సందులో పెట్టి లాగాను, తెగిపోయింది. నైలాను వలదారం పెట్టి అటూ ఇటూ కోస్తే టక్కుమని విడిపోయింది. పుట్టింటి విద్య ఆ పూటకు అలా పనికొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం కన్ను గీశాను. ముందు పలక మీద నీళ్ళతో గీశాను. గీయడం, ఆరిపోవడం, మళ్ళీ గీయడం. ఆయనకు ఏడాది పట్టింది, నాకున్నది ఒక పూట. కుడి కన్నును చూస్తూ గీస్తుంటే ఆయన ఎక్కడ కుంచె ఎత్తాడో, ఎక్కడ నొక్కాడో తెలుస్తూ వచ్చింది. రెప్ప కొసన కుంచెను ఆపకుండా గాలిలోకి లాగేశాడు. నేను అక్కడ ఆగిపోయాను, బొట్టు నిలిచింది. అలాగే ఉంచేశాను. నా కన్ను ఆయన కన్ను కంటే పెద్దదిగా, కాస్త ఉబ్బినట్టుగా వచ్చింది. రాత్రంతా ఏడ్చిన మనిషి కన్నులా ఉంది.

శనివారం పొద్దున షాపు తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఒక చేతిలో మౌస్, ఒక చేతిలో నల్లరంగు ఉన్న సీసామూత, అగ్గిపెట్టె.

హేమసుందర్ తాళం తీస్తూ, "అగ్గిపెట్టెందుకు పిన్నీ? షాపు తగలబెడతావా?" అన్నాడు.

"మీ బాబాయి పద్ధతి తెలియదా నీకు?"

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. నేల మీద కూర్చుని, కంప్యూటర్ వెనక మరలు బిగించాడు. మిషను ఆన్ చేశాడు. ఎప్పుడూ పట్టేంతే పట్టి ఉంటుంది గాని, ఆ రోజు తెర వెలగడానికి చాలా సేపు పట్టింది. బొమ్మలు గీసే తెల్లకాగితం లాంటిది తెరిచి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"జరుపు."

నేను ఆయన తువ్వాలు తేలేదు. బల్ల మీదే పెట్టి జరిపాను. బాణం కదిలింది.

అంతే. బాణం కదిలింది. నేను కుడికి జరిపితే కుడికి పోయింది. ఎడమకు తెస్తే వచ్చింది. ఆరేళ్ళ కిందట ఆయన జరిపినప్పుడు ఇది ఎక్కడా కదల్లేదు. ఆయన మాత్రం కదిలిందనే అనుకున్నాడు.

"మీట నొక్కి పట్టుకుని జరిపితే గీత పడుద్ది," అన్నాడు హేమసుందర్. "ఏదన్నా గియ్యి."

నేను కళ్ళు మూసుకున్నాను. వరండాలో ఆయన చెయ్యి ఎలా పోయేదో అలా పోనిచ్చాను. పైకి, వంపు, చిన్న సున్నా, కిందికి జారి మళ్ళీ పైకి. ఆయన గీసింది ఏమిటో ఇన్నాళ్ళకు చూస్తాననుకున్నాను. నెమలి మెడో, పడవ ముక్కో, ఏదో ఒకటి. కళ్ళు తెరిస్తే చిక్కుపడిన వల ఉంది. అందులో ఏ బొమ్మా లేదు.

"ఏంటి పిన్నీ ఇది, పీతా?"

"తెలియదు బాబూ."

నాకు ఆయన చెయ్యి గుర్తుంది. గీత గుర్తు లేదు. అన్నం పెట్టే తొందరలో ఒక్కసారి, ఏం గీస్తున్నావయ్యా అని అడిగి ఉంటే సరిపోయేది.

హేమసుందర్ ఆ గీతను చెరపబోయి ఆగాడు. "ఉంచమంటావా?"

"కంప్యూటరే పోతోంది కదా. పోనీలే." అప్పటికి బయట ఆటో వచ్చి ఆగింది, పాత సామాను తీసుకెళ్ళడానికి. డ్రైవరు హారన్ కొట్టాడు.

"నడిచింది కదా," అన్నాను. "బాణం అలాగే కదుపుతూ ఉండు బాబూ. ఆపొద్దు."

అతను ఒక వేలితో మౌస్‌ను మెల్లగా తోస్తూ ఉంటే, నేను అగ్గిపుల్ల కొస నల్లరంగులో ముంచాను. ముందు ఆయన గీసిన కుడి కన్ను. మణికట్టు నేనే పట్టుకున్నాను, ఎడమ చేత్తో. నడిమధ్యన పడింది. రెండోది నేను గీసిన కన్ను. బయట మళ్ళీ హారన్ మోగింది. చెయ్యి అదిరింది. చుక్క పక్కకు, ఆయన కన్ను వైపుకు పడింది.

హేమసుందర్ వంగి చూసి నవ్వాడు. "మెల్లకన్ను పడింది పిన్నీ! రంగు తడిగానే ఉంది, తుడిచేసి మళ్ళీ పెట్టు."

"వద్దు. అటే చూడనీ."

కంప్యూటర్‌ను ఆటోలోకి ఎక్కించారు. మౌస్ మరలు విప్పి నాకిచ్చేశాడు. ఇప్పుడు ఊళ్ళో దాన్ని తగిలించే కంప్యూటర్ ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. వెతకలేదు. చెక్కపలక మీద ఆకుపచ్చ తువ్వాలు మడిచి దాని మీద పెట్టుకున్నాను. మధ్యాహ్నం పని నుంచి వచ్చి అన్నం తినేముందు కాసేపు జరుపుతాను. పైకి, వంపు, చిన్న సున్నా. ఆయన గీత ఎప్పుడైనా చేతికి వస్తుందేమోనని. వైరు నేల మీద పడి ఉంటుంది. పక్కింటావిడ ఒకసారి చూసి నవ్వింది. నవ్వుకోనీ.

నాగమల్లేశ్వరి, యాభై ఏళ్ళు, ఆటోనగర్ వెనక రేకుల ఇళ్ళ వరసలో చివరి ఇల్లు, విజయవాడ.